అద్దె ఇంట్లో గీజర్ చెడితే: బాగు చేయించాలా, మార్చేయాలా?

"గీజర్ పనిచేయట్లేదండీ" అని అద్దెకున్నవాళ్లు ఫోన్ చేయగానే ఓనర్లు మామూలుగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. తక్కువలో తేలుతుందని మెకానిక్‌ను పంపి ఎలిమెంట్ (నీళ్లు కాచే కడ్డీ) వేయిస్తారు. లేదా పాతబడింది కదా అని కొత్తది తెప్పించేస్తారు. రెండు సందర్భాల్లోనూ అసలు అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది: లోపలి ట్యాంకు ఎలా ఉంది?

స్టోరేజ్ గీజర్‌లో ఎలిమెంట్, థర్మోస్టాట్ (పెట్టిన వేడి దగ్గర కరెంటు ఆపేది), కటౌట్ (మరీ వేడెక్కితే ఆపేది), గాస్కెట్ (నీళ్లు కారకుండా వేసే రబ్బరు), ఆనోడ్ రాడ్ (ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడే కడ్డీ), సేఫ్టీ వాల్వ్ అన్నీ విప్పి మార్చుకోగలిగినవే. మార్చలేనిది ట్యాంకు ఒక్కటే. ట్యాంకు గట్టిగా ఉంటే ఎనిమిదేళ్ల గీజర్‌నైనా నమ్మకంగా బాగు చేయించవచ్చు. ట్యాంకుకు చిల్లు పడితే మూడేళ్లదైనా దించేయాల్సిందే. ఎన్నేళ్లయింది, ఏ కంపెనీ, మెకానిక్ ఎంత అడిగాడు అనేవన్నీ దీని తర్వాతే.

ఇక్కడ చెప్పేది 10 నుంచి 50 లీటర్ల ఎలక్ట్రిక్ స్టోరేజ్ గీజర్ల గురించి. లెక్కలన్నీ 230 వోల్టుల సరఫరాకు వేసినవి. గ్యాస్ గీజర్ సంగతి చివర్లో విడిగా ఉంది.

ఆరోజే చేయాల్సింది: వాడకం ఆపించాలా, వద్దా

ఫోన్‌లోనే నాలుగు ప్రశ్నలు అడగండి. నీళ్లు ముట్టుకుంటే, కొళాయి పట్టుకుంటే జివ్వుమంటోందా? ప్లగ్ దగ్గర కాలిన వాసన గానీ నల్లటి మచ్చ గానీ ఉందా? గీజర్ లోంచి ఆవిరి, మరిగే చప్పుడు వస్తోందా? కింద నీళ్లు కారుతూ కరెంటు కనెక్షన్ల మీద పడుతున్నాయా? ఒక్కదానికి అవునన్నా ఎంసీబీ (బోర్డులో గీజర్ లైనును ఆపే బ్రేకర్) దించేయమనండి. గోడ స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు. స్విచ్‌ను పొరపాటున న్యూట్రల్ మీద పెట్టి ఉంటే, స్విచ్ ఆపినా ఎలిమెంట్ దాకా ఫేజ్ వస్తూనే ఉంటుంది.

షాక్ కొట్టడానికి సాధారణ కారణం ఎలిమెంట్ పైతొడుగు చిట్లి లోపలి వైరు నీటికి తగలడం. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే బ్రేకర్) వెంటనే ట్రిప్ కావాలి. షాక్ మనిషి దాకా వచ్చిందంటే ఒకటి కాదు, రెండు లోపాలున్నట్టు: ఎలిమెంటూ పోయింది, ఎర్తింగూ లేదు. ఎలిమెంట్ మార్చి వదిలేస్తే రెండోది అలాగే ఉండిపోతుంది. గీజర్ కొత్తది పెట్టినా అంతే. అద్దె ఇంట్లో ఇది ఓనరు బాధ్యత. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పనిచేసే ఎర్త్ లేకుండా గీజర్‌ను తిరిగి ఆన్ చేయనివ్వకూడదు.

గీజర్ ఆగిన నాలుగు రోజులూ సర్దుకోవడానికి బకెట్‌లో పెట్టే ఇమ్మర్షన్ రాడ్ కొనివ్వడం చాలామంది చేసే పని. దయచేసి చేయకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో, తడి నేల మీద, ఆర్‌సీసీబీ లేని సాకెట్‌లో అంతకంటే ప్రమాదకరమైన వస్తువు ఉండదు. స్టవ్ మీద కాచుకోమనడమే మేలు, లేదా రెండో బాత్‌రూమ్ గీజర్ వాడుకోమనండి.

లక్షణాన్ని బట్టి లోపం పట్టడం

మెకానిక్ రాకముందే సగం సంగతి తేల్చుకోవచ్చు. కింది వాటిలో కవర్ విప్పాల్సినవి ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

*నీళ్లు అసలు వేడెక్కడం లేదు.* ఎంసీబీ, ప్లగ్, సాకెట్ చూశాక, ఎంసీబీ దించి, కింది కవర్ విప్పించి ఎలిమెంట్ రెండు టెర్మినళ్ల వైర్లు తీసి మల్టీమీటర్ పెట్టించండి. 2 కిలోవాట్ల ఎలిమెంట్ దాదాపు 26 ఓమ్‌లు చూపాలి, 3 కిలోవాట్లదైతే 17.6, 1.5 కిలోవాట్లదైతే 35. మీటర్ ఏమీ చూపకపోతే ఎలిమెంట్ తెగిపోయింది. సరైన అంకె చూపితే ఎలిమెంట్ బాగుంది, లోపం థర్మోస్టాట్‌లోనో కటౌట్‌లోనో ఉంది. "ఎలిమెంట్ పోయింది సార్" అన్న మాట వినగానే ఈ అంకె అడగండి. మీటర్ పెట్టకుండా చెప్పిన మాటకు విలువ లేదు.

*ఎంసీబీ లేదా ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది.* టెర్మినల్‌కీ గీజర్ బాడీకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు లీకవుతోందేమో కొలిచే మీటర్‌తో) ఇన్సులేషన్ చూడాలి. 1 మెగా ఓమ్ కంటే బాగా పైన ఉండాలి. ఇక్కడో మెలిక ఉంది. ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉండి గీజర్ వాడకపోతే, ఎలిమెంట్ లోపలున్న మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎలిమెంట్ చిట్లకపోయినా రీడింగ్ తగ్గుతుంది. విప్పి బాగా ఆరబెట్టి మళ్లీ చూస్తే రీడింగ్ పెరుగుతుంది. పెరగకపోతే చిట్లినట్టే.

*కటౌట్ పదే పదే పడుతోంది.* నీళ్లు మరీ వేడెక్కినప్పుడు కరెంటు ఆపేసేది కటౌట్. చాలా మోడళ్లలో ఎర్ర బటన్ నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. ఒకసారి నొక్కవచ్చు. రెండోసారి పడిందంటే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయాయన్నమాట: నీళ్లు 60, 65 డిగ్రీల దగ్గర ఆగాల్సింది ఆగకుండా కాగుతూనే ఉన్నాయి. కొందరు మెకానిక్‌లు ఇక్కడ కటౌట్‌ను తప్పించి వైరు "డైరెక్ట్" చేసేస్తారు. అప్పటికి పని జరిగిపోతుంది. ఆ తర్వాత థర్మోస్టాట్ మొరాయించిన రోజున ఆపేవాడు ఉండడు. మూసిన ట్యాంకులో ఒత్తిడి కింద నీళ్లు 100 డిగ్రీలు దాటినా ఆవిరి కావు. ట్యాంకు ఎక్కడైనా విచ్చుకున్న క్షణంలో ఒక్కసారిగా ఆవిరై పేలుతాయి. కటౌట్ డైరెక్ట్ చేసి ఉన్న గీజర్ కనబడితే అప్పటికప్పుడు ఆపించి, థర్మోస్టాట్, కటౌట్ రెండూ కలిపి కొత్తవి వేయించండి.

*గోరువెచ్చగానే వస్తున్నాయి.* ఎలిమెంట్‌ను అనుమానించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గీజర్‌లోకి చల్లనీళ్లు వెళ్లే వాల్వ్ మూసి, ఏదో ఒక వేడి నీళ్ల కొళాయి తిప్పండి. కొన్ని క్షణాల్లో ధార ఆగిపోవాలి. ఆగలేదంటే ఇంకో దారిన చల్లనీళ్లు వేడి లైన్లోకి వస్తున్నాయి: పాడైన మిక్సర్, లేదా రెండు నాబ్‌లూ తెరిచి చివర్లో హ్యాండ్ షవర్ బటన్‌తో ఆపేసిన లైను. గీజర్‌లో లోపమే లేదు. ఈమధ్య రంగులు వేయడానికి గీజర్ దించి మళ్లీ ఎక్కించి ఉంటే పైపులు తారుమారయ్యాయేమో చూడండి. నీలం గుర్తున్నది చల్లనీళ్లు వెళ్లే ఇన్‌లెట్, ఎరుపు గుర్తున్నది అవుట్‌లెట్. గోడకు వేలాడే గీజర్‌లో అవుట్‌లెట్ పైపు లోపల ట్యాంకు పైదాకా లేచి అక్కడి వేడి నీళ్లు అందుకుంటుంది. కనెక్షన్లు మారినా, ఆ పైపు అడుగున విరిగినా కిందున్న చల్లనీళ్లే బయటికొస్తాయి.

*కాగేటప్పుడు టపటప చప్పుడు.* ఎలిమెంట్‌కు గార (నీళ్లలోని సున్నం గట్టిపడిన పొర) పట్టింది. గార కింద చిక్కుకున్న నీళ్లు మరిగి బుడగలై పగులుతున్న శబ్దమది. శుభ్రం చేస్తే పోతుంది, మార్చాల్సిన పని లేదు.

*కుళ్లిన గుడ్డు వాసన.* నీటిలోని సల్ఫేట్‌ను కొన్ని రకాల బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చడం వల్ల వస్తుంది. మెగ్నీషియం ఆనోడ్ దానికి తోడ్పడుతుంది. ఇల్లు ఖాళీగా ఉన్నాక ఎక్కువగా కనబడుతుంది. ట్యాంకు ఖాళీ చేసి కడిగి, నింపి, 60 డిగ్రీలు దాటేలా ఒక పూట కాచి ఆ నీళ్లన్నీ వదిలేస్తే చాలావరకు పోతుంది.

*నీళ్లు కారుతున్నాయి.* దీనికి విడిగా చెప్పాలి. నిర్ణయమంతా తేలేది ఇక్కడే.

కారేది ఎక్కడి నుంచి?

గీజర్ కింద తడి కనబడితే ట్యాంకు పోయిందని తేల్చేయకండి. నాలుగు చోట్ల నుంచి కారవచ్చు, గీజర్‌ను దించేయాల్సి వచ్చేది ముఖ్యంగా నాలుగోదానికే.

మొదటిది సేఫ్టీ వాల్వ్. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 25 లీటర్లు 20 డిగ్రీల నుంచి 65కి చేరితే దాదాపు 450 మిల్లీలీటర్లు పెరుగుతాయి. ఇన్‌లెట్‌లో నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటే ఆ నీళ్లు వెనక్కి పోలేవు, సేఫ్టీ వాల్వ్ లోంచి చుక్కలు చుక్కలుగా బయటికొస్తాయి. కాగేటప్పుడు మాత్రమే కారి, ఆపేశాక ఆగిపోతే అది లోపం కాదు. ఆ వాల్వ్‌కు చిన్న పైపు తగిలించి నేల దాకా దించండి. విసుగొచ్చి ఆ రంధ్రానికి మేకు బిగించేవాళ్లున్నారు. అంతకు మించిన తప్పు లేదు. రాత్రీ పగలూ కారుతుంటే వాల్వ్ సీటులో గారైనా అడ్డుపడి ఉంటుంది, లైన్లో ఒత్తిడైనా ఎక్కువై ఉంటుంది.

రెండోది ఇన్‌లెట్, అవుట్‌లెట్ నిపుల్స్, అంటే పైపులు బిగించే మరల గొట్టాలు. టెఫ్లాన్ టేపు కొత్తది చుట్టి బిగిస్తే సరిపోతుంది. నిపుల్ మరలు తుప్పు పట్టి రాలిపోతుంటే మాత్రం సంగతి వేరు, ఎందుకంటే అవి ట్యాంకులో భాగం.

మూడోది ఫ్లాంజ్ (ఎలిమెంట్‌ను ట్యాంకుకు బిగించే ప్లేటు) గాస్కెట్. ఎలిమెంట్ ప్లేటు చుట్టూ తడి, తెల్లటి ఉప్పు చారలు కనబడతాయి. గాస్కెట్ మారిస్తే పోతుంది.

నాలుగోది ట్యాంకు. తేల్చుకోవడం ఇలా: ఎంసీబీ దించి, కింది కవర్ విప్పించి, ఫ్లాంజ్, నిపుల్స్ పొడిగుడ్డతో తుడిచి, ఒక్కోదాని చుట్టూ టిష్యూ కాగితం చుట్టండి. రెండు మూడు గంటలు వదిలేయండి. కాగితాలన్నీ పొడిగా ఉండి, ఇన్సులేషన్ ఫోమ్ అంచు నుంచో, బయటి షెల్ సందుల్లోంచో నీళ్లు ఊరుతుంటే ట్యాంకుకు చిల్లు పడింది. కవర్ మీద గోధుమరంగు చారికలుంటే ఇక సందేహం అక్కర్లేదు. చల్లటి రోజుల్లో పైపులకు పట్టే చెమటను చిల్లు అనుకోకుండా ఉండటానికే అన్ని గంటలు ఆగమనడం.

చిల్లు పడ్డ ట్యాంకుకు వెల్డింగ్, ఎపాక్సీ, ఎం సీల్ ఏదీ నిలవదు. రోజూ వేడెక్కి చల్లారే చోట, ఒత్తిడి కింద అతుకు ఊడొస్తుంది. లోపల తుప్పు పట్టకుండా గాజుపూత వేసిన ట్యాంకును వెల్డింగ్ చేస్తే చుట్టుపక్కల పూత కూడా పగిలిపోతుంది. ట్యాంకు వారంటీలో ఉందేమో ముందు చూడండి. చాలా కంపెనీలు మొత్తం గీజర్‌కు రెండేళ్లిస్తే ట్యాంకుకు ఐదేళ్లు, ఏడేళ్లు ఇస్తాయి. ఓనర్ల దగ్గర బిల్లు దొరక్క ఆ హక్కు పోగొట్టుకోవడం మామూలైపోయింది.

కారకపోయినా ట్యాంకును చూడాలి

ఎలిమెంట్ మార్చడానికి ఫ్లాంజ్ ఎలాగూ విప్పుతారు. ట్యాంకు లోపల చూడటానికి దొరికే అవకాశం అదొక్కటే, వదులుకోకండి. మీరు దగ్గర లేకపోతే ఫోన్ కెమెరా, టార్చ్‌తో వీడియో తీసి పంపమని మెకానిక్‌ను ముందే అడగండి.

మూడు విషయాలు చూడాలి. మొదటిది, అడుగున పడ్డ మడ్డి రంగు. తెలుపు, బూడిద రంగు రవ్వలైతే గార, కడిగితే పోతుంది. గోధుమ, నలుపు పొరలుగా రాలుతుంటే అది ఇనుము, అంటే ట్యాంకు గోడే కరుగుతోంది. రెండోది, వెల్డింగ్ అతుకుల వెంట తుప్పు చుక్కలు, పూత పెచ్చులు లేచిన చోట్లు. మూడోది ఆనోడ్ రాడ్.

ఆనోడ్ గురించి అద్దె ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు, గీజర్లు అర్ధాయుష్షుతో పోవడానికి ప్రధాన కారణం ఇదే. ట్యాంకు ఉక్కు కంటే ముందు తాను కరిగిపోవడానికే ఈ మెగ్నీషియం కడ్డీని పెడతారు. గాజుపూతలో సూదిమొన అంత లోపాలు ఎప్పుడూ ఉంటాయి. అక్కడ తుప్పు పట్టకుండా ఆనోడ్ అడ్డుకుంటుంది. అది అయిపోయిన రోజు నుంచి ట్యాంకు కరగడం మొదలవుతుంది. గట్టి నీళ్లు (సున్నం ఎక్కువున్న నీళ్లు) ఉన్న చోట ఏడాదికోసారి, మంచినీళ్ల లైనుంటే రెండేళ్లకోసారి చూడాలి. కడ్డీ సగానికి సన్నబడినా, మధ్యలోని ఉక్కు తీగ బయటపడినా మార్చేయాలి. ఎలిమెంట్ కంటే చవకైన వస్తువు ఇది. నాలుగైదేళ్లుగా ఒక్కసారీ ఆనోడ్ మార్చని గీజర్‌లో ఇప్పుడు తీగ మాత్రమే మిగిలి కనబడితే, ట్యాంకు ఇవాళ కారకపోయినా దాని మిగిలిన ఆయుష్షును తక్కువగానే లెక్కవేయండి.

నీళ్లెంత గట్టివో పరీక్షించే కిట్లు దొరుకుతాయి. కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే చాలా గట్టి నీళ్లు. నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటే కొద్దీ గార ఇంకా వేగంగా పడుతుంది. అందుకే బోరు నీళ్ల ఇళ్లలో థర్మోస్టాట్‌ను 60 దగ్గర ఉంచడం మంచిది. అంతకంటే మరీ తగ్గించి ఎప్పుడూ గోరువెచ్చగా ఉంచినా ప్రమాదమే. నిలవ ఉన్న గోరువెచ్చటి నీళ్లలో న్యుమోనియా తెచ్చే లీజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది.

కరెంటు బిల్లు వాదన

"గార పట్టిన పాత గీజర్ కరెంటు తాగేస్తుంది, కొత్తది పెట్టండి" అని అమ్మేవాళ్లు చెబుతారు. ఈ మాట నమ్మి గీజర్ మార్చకండి. ఎలిమెంట్ నీళ్లలో మునిగి ఉంటుంది. దానిలో పుట్టిన వేడి నీళ్లలోకి తప్ప ఇంకెక్కడికీ పోలేదు. గార వల్ల ఎలిమెంట్ తానే విపరీతంగా కాలి త్వరగా తెగిపోతుంది గానీ యూనిట్లు పెద్దగా పెరగవు. 25 లీటర్లను 20 నుంచి 65 డిగ్రీలకు తేవాలంటే పాతదైనా కొత్తదైనా 1.3 యూనిట్లు కావాలి. 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కు దాదాపు 40 నిమిషాలు.

తేడా వచ్చేది ఒక్క నిల్వ నష్టంలోనే, అంటే కాగిన నీళ్లు ఊరికే ఉన్నప్పుడు చల్లారి పోయే వేడి. రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్లకు మంచి ఇన్సులేషన్ పనికొస్తుంది. స్నానానికి ముందు వేసి తర్వాత ఆపేసే ఇంట్లో అది పెద్ద లెక్క కాదు. పైగా అద్దె ఇంట్లో బిల్లు కట్టేది ఒకరు, గీజర్ కొనేది మరొకరు. పొదుపు పేరుతో మారిస్తే ఆ లాభం అద్దెకున్నవాళ్లది. ఇష్టమైతే చేయండి, కానీ మీ ఖర్చు తిరిగొస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి. ఫోమ్ తడిసి ముద్దయిన గీజర్‌ది వేరే సంగతి. అక్కడ నష్టం నిజంగానే ఎక్కువ, కానీ ఫోమ్ తడిసిందంటే ట్యాంకు కారినట్టే కాబట్టి అది ఎలాగూ దిగిపోవాల్సిందే.

లెక్క వేసే పద్ధతి

ట్యాంకు బాగుందని తేలాక డబ్బు లెక్క. కొత్త గీజర్, ఫిట్టింగ్, వాల్వ్, పైపులు అన్నీ కలిపి అయ్యే ఖర్చును 100 అనుకోండి. మీ నీళ్లలో గీజర్ ఎన్నేళ్లు వస్తుందో దానితో భాగించండి. పదేళ్లయితే ఏడాదికి 10. గట్టి నీళ్లలో ఆరేళ్లే వస్తుందనుకుంటే ఏడాదికి దాదాపు 17. ఇప్పుడు రిపేరు ఖర్చును, ఆ రిపేరు తర్వాత గీజర్ ఇంకా ఎన్నేళ్లు నడుస్తుందో దానితో భాగించండి. రిపేరుకు ఏడాదికి పడేది కొత్తదాని కంటే తక్కువైతే బాగు చేయించండి.

ఆరేళ్ల గీజర్, ట్యాంకు శుభ్రంగా ఉంది, ఎలిమెంట్, గాస్కెట్, ఆనోడ్ కలిపి 22 అవుతుంది, ఇంకో మూడేళ్లు వస్తుంది. ఏడాదికి 7 చిల్లర. బాగు చేయించడమే సరి. తొమ్మిదేళ్ల గీజర్, మడ్డిలో ఇనుప పొరలున్నాయి, అదే 22 ఖర్చు, మహా అయితే ఏడాది నడుస్తుంది. ఏడాదికి 22. ఆ డబ్బు కొత్తదానిమీద పెట్టండి.

ఈ లెక్కలో అద్దె ఇంటికి ప్రత్యేకంగా కలపాల్సిన ఖర్చులున్నాయి. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ విజిటింగ్ ఛార్జ్ ఉంటుంది, మీరు వేరే ఊళ్లో ఉంటే తాళాలు, ఫోన్లు, ఒకరు ఇంట్లో ఉండాల్సి రావడం ఉంటాయి. పై అంతస్తులో గీజర్ ట్యాంకు పగిలితే కింది ఫ్లాట్ సీలింగ్ ఖర్చు మీ మీదికొస్తుంది. అందుకే మీరుండే ఇంటికైతే ఇంకో ఏడాది లాగించగలిగిన గీజర్‌ను అద్దె ఇంట్లో లాగించకపోవడం మంచిది. ఏడాదిలో మూడోసారి మెకానిక్‌ను పిలవాల్సి వస్తే, లోపం వైరింగ్‌లోనో లైన్లోనో లేదని చూసుకుని, మార్చేయండి.

అగ్రిమెంట్ కూడా ఒకసారి తిరగేయండి. కాలం గడిచి పోయిన ఎలిమెంట్, ఆనోడ్, ట్యాంకు ఓనరు ఖర్చు కావడం న్యాయం. వాడకంలో పొరపాటు వల్ల పోయిందని అద్దెకున్నవాళ్ల మీద వేసే ముందు, ఆ పొరపాటు జరగకుండా మీరేం ఏర్పాటు చేశారో చూసుకోండి. ఉదాహరణకు ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ మాడిపోవడం. ఇంటిపై ట్యాంకు అడుగంటినప్పుడు, నాన్ రిటర్న్ వాల్వ్ లేకపోతే గీజర్ నీళ్లు ఇన్‌లెట్ గుండా వెనక్కి జారిపోవచ్చు. అది తెలియక స్విచ్ వేస్తే కొన్ని నిమిషాల్లో ఎలిమెంట్ పోతుంది. ఇక్కడ తప్పు స్విచ్ వేసినవాళ్లది కాదు, వాల్వ్ పెట్టని ఫిట్టింగ్‌ది.

ట్యాంకు బాగున్నా మార్చాల్సిన సందర్భాలు

ఇల్లు మేడ మీద ట్యాంకు నుంచి నేరుగా వచ్చే నీళ్లతో నడిచినంత కాలం ఒత్తిడి తక్కువ: పది మీటర్ల ఎత్తుకు దాదాపు 1 బార్. భవనానికి కొత్తగా ప్రెషర్ పంపు బిగించారనుకోండి, పాత గీజర్ ప్లేటు మీద రాసి ఉన్న పీడనం దానికి సరిపోతుందో లేదో చూడాలి. సరిపోకపోతే ప్రెషర్ తగ్గించే వాల్వ్ పెట్టించాలి, లేదా 8 బార్లకు తట్టుకునేది వేయించాలి.

గోడకు పట్టిన బ్రాకెట్ తుప్పు పట్టి సన్నబడినా మార్చండి. నీళ్లతో నిండిన 25 లీటర్ల గీజర్ 35 కిలోలకు పైనే తూగుతుంది.

కొత్తగా వచ్చే కుటుంబానికి పరిమాణం సరిపోదనిపిస్తే ముందు లెక్క చూడండి. 65 డిగ్రీల నీళ్లు 25 లీటర్లు, 20 డిగ్రీల నీళ్లతో కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్లు లెక్క ప్రకారం 56 లీటర్లు అవుతాయి. వాడుతుండగా చల్లనీళ్లు లోపల కలుస్తాయి కాబట్టి నిజానికి 40 లీటర్ల చిల్లర చేతికొస్తుంది, అంటే రెండు బకెట్లు. బకెట్ స్నానాలకు ఇది చాలు. షవర్ వాడే నలుగురికి చాలదు.

బాగు చేయించేటప్పుడు

ఫ్లాంజ్ ఒక్కసారే విప్పేలా పని చేయించండి. ఎలిమెంట్, గాస్కెట్, ఆనోడ్ మూడూ ఒకేసారి మార్పించండి. థర్మోస్టాట్ ఐదేళ్లు దాటితే అదీ. గాస్కెట్‌ను తిరిగి వాడనివ్వకండి.

ఎలిమెంట్ అదే వాటేజీది, అదే ఫ్లాంజ్ రంధ్రాలకు సరిపోయేది కావాలి. త్వరగా కాగుతాయని 2 కిలోవాట్ల చోట 3 వేస్తే కరెంటు 8.7 నుంచి 13 ఆంపియర్లకు పెరుగుతుంది, పాత వైరు, సాకెట్ దాన్ని తట్టుకోకపోవచ్చు. గట్టి నీళ్లుంటే రాగి తొడుగు కంటే ఇన్‌కొలాయ్ (నికెల్ కలిసిన మిశ్రలోహం) తొడుగున్న ఎలిమెంట్ మేలు. థర్మోస్టాట్ రాడ్ పొడవు, ఆంపియర్ రేటింగ్ పాతదానికి సరిపోవాలి.

ట్యాంకులో గారను ఇనుప కమ్మీతో గీకనివ్వకండి, గాజుపూత లేచిపోతుంది. చేత్తో, ప్లాస్టిక్ గరిటెతో తీసి, పైపు పెట్టి కడగాలి. ఎలిమెంట్ బాగుంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి, టెర్మినళ్లు మునగకుండా గంటా రెండు గంటలు నానబెడితే గార విడుతుంది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ వాడకూడదు.

బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. నింపేటప్పుడు వేడి నీళ్ల కొళాయి తెరిచి పెట్టి, గాలి పోయి నిండు ధార వచ్చాకే కరెంటు ఇవ్వాలి. ఒకసారి కాగి చల్లారాక గాస్కెట్ సర్దుకుంటుంది. అప్పుడు ఎంసీబీ దించి బోల్టులు మరోసారి బిగిస్తే నెల తిరక్కుండా కారే బెడద ఉండదు.

ప్లగ్ పిన్నులు నల్లబడి ఉంటే సాకెట్ కూడా మార్పించండి. లూజు సాకెట్ వేడెక్కడం వల్లే అవి నల్లబడతాయి. కొత్త గీజర్ ప్లగ్ కూడా అక్కడ అలాగే కాలుతుంది.

కొత్తది పెట్టించేటప్పుడు

అద్దె ఇంటికి హంగులు అక్కర్లేదు. డిజిటల్ డిస్‌ప్లే, రిమోట్ ఉన్నవి చెడితే ఆ బోర్డు దొరకడం కష్టం. మామూలు థర్మోస్టాట్, విడిగా కటౌట్, ట్యాంకుకు పొడవైన వారంటీ, స్పేర్లు తేలిగ్గా దొరికే మోడల్ చాలు.

- 16 ఆంపియర్ల సాకెట్ లేదా 20 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్ (ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆపేది), విడి ఎంసీబీ, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. 3 కిలోవాట్లకు, దూరం ఎక్కువైతే 4.
- ఇన్‌లెట్‌లో మూసే వాల్వ్, నాన్ రిటర్న్, సేఫ్టీ వాల్వ్. సేఫ్టీ వాల్వ్‌కూ గీజర్‌కూ మధ్య మూసే వాల్వ్ ఏదీ ఉండకూడదు.
- కింద ఎలిమెంట్ రాడ్ పూర్తిగా బయటికి తీయగలిగేంత ఖాళీ. ఫాల్స్ సీలింగ్‌లో ఇరికించిన గీజర్‌కు ప్రతి సర్వీసూ రెట్టింపు పని.
- గట్టి గోడలో యాంకర్ బోల్టులు. బోలు ఇటుక గోడైతే గోడ అవతలి నుంచి ప్లేటు వేసి బిగించాలి.

గ్యాస్ గీజరైతే

ఇక్కడ మొదటి ప్రశ్న ట్యాంకు కాదు, పొగ ఎటు పోతోంది అన్నది. పొగగొట్టం లేని గ్యాస్ గీజర్ బాత్‌రూమ్ లోపల ఉంటే దాన్ని బాగు చేయించే ఆలోచనే వద్దు. తలుపు, కిటికీ మూసిన చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన లేవు. తల తిరిగినట్టు అనిపించేలోపే మనిషి పడిపోవచ్చు. దాన్ని తీయించి, బయట గాలి ఆడే చోట బిగించేది గానీ ఎలక్ట్రిక్‌ది గానీ పెట్టించండి.

సరైన చోట ఉన్నదానికి మంట నీలంగా ఉండాలి. పసుపు మంట, హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని నీళ్లకు చేర్చే భాగం) రెక్కల మీద మసి కనబడితే వాడకం ఆపి సర్వీసు చేయించాలి. బర్నర్, డయాఫ్రమ్, బ్యాటరీ ఇగ్నిషన్ మార్చుకోవచ్చు. హీట్ ఎక్స్‌ఛేంజర్ చిల్లుపడితే మార్చేయడమే నయం.

పని అయ్యాక

పెట్టిన తేదీ, ఆనోడ్ మార్చిన తేదీ, ఎలిమెంట్ వాటేజీ రాసిన స్టిక్కర్ గీజర్ పక్కన అంటించండి. ప్లేటు మీది సీరియల్ నంబర్, బిల్లు ఫోటో తీసి అద్దెకున్నవాళ్లకూ ఒక కాపీ పంపండి. ఇల్లు ఖాళీ అయినప్పుడు ట్యాంకును నీళ్లతోనే ఉంచండి, నీళ్లలో ఉంటేనే ఆనోడ్ పనిచేస్తుంది. ఎంసీబీ మాత్రం దించేయండి. కొత్తవాళ్లు దిగే ముందు రోజు వేడి నీళ్ల కొళాయి తెరిచి ధార నిండుగా వస్తోందని చూసి, ఎంసీబీ ఎత్తి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి, ఒక ట్యాంకు నీళ్లు 60 డిగ్రీల పైకి కాచి వదిలేసి, అప్పుడు తాళాలివ్వండి.